ఒకే కంప్యూటర్.. రెండు తెరలు

సరిహద్దు పట్టణాల డీటీపీ కేంద్రాలకు అక్కరకొచ్చే ఏర్పాటు
పోర్టు, కేబుల్ సంగతి తెలిస్తే పాత మానిటరూ పనికొస్తుంది

బళ్లారిలో పహణీ కన్నడంలో ఉంటుంది. హోసూరులో పట్టా, చిట్టా తమిళంలో వస్తాయి. బరంపురంలో భూమి పత్రం ఒడియాలో, సోలాపూర్, సిరోంచల్లో సాత్‌బారా మరాఠీలో. అందులోని పేర్లు మాత్రం తెలుగువాళ్లవి. ఆ పేరును ఆ లిపిలోంచి తెలుగులోకి, తెలుగులోంచి ఇంగ్లిషులోకి ఎక్కించే పని వీధి చివరి డీటీపీ కేంద్రాలది. పెళ్లిపత్రిక అయినా, వారసత్వం అర్జీ అయినా, పిల్లాణ్ని బడిలో చేర్చే దరఖాస్తు అయినా రెండు భాషల కాగితాలు ముందుంచుకుని చేయాల్సిందే. కానీ చాలాచోట్ల తెర ఒక్కటే. ఒక విండో దించి ఇంకోటి తెరవడం, చూసిన పేరు మనసులో పెట్టుకుని వచ్చి టైపు కొట్టడం.. ఈ మధ్యలోనే దీర్ఘం ఎగిరిపోతుంది, ఒత్తు జారిపోతుంది. షాపులో జరిగింది ఒక్క అక్షరం తేడాయే. దాన్ని దిద్దించుకోవడానికి మాత్రం తహసీల్దారు కార్యాలయం చుట్టూ చెప్పులరిగేలా తిరగాలి.

దీనికోసం కొత్త కంప్యూటర్ కొనక్కర్లేదు. ఉన్నదానికే రెండో మానిటర్ తగిలిస్తే ఒకదాంట్లో అసలు కాగితం, రెండోదాంట్లో మనం కొట్టే పేజీ పక్కపక్కనే కనిపిస్తాయి. ఇంట్లోనో, షాపు అటక మీదో పడి ఉన్న పాత మానిటరైనా సరిపోతుంది. చిక్కంతా తగిలించడంలోనే. కేబుల్ ఒకటి కొంటే పోర్టు ఇంకోటి ఉంటుంది. అన్నీ పెట్టాక ‘నో సిగ్నల్’ అని వస్తుంది. దాంతో మానిటర్ మళ్లీ అటకెక్కుతుంది. నాలుగు సంగతులు ముందే తెలిస్తే ఈ తిప్పలుండవు.

ఒక్కో సరిహద్దుది ఒక్కో చిక్కు

తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకే అక్షరం. త, థ, ద, ధలకూ అంతే. ప, ఫ, బ, భలకూ అంతే. తమిళ కాగితంలో గోపాల్, కోపాల్ ఒకేలా ఉంటాయి. భారతికీ పారతికీ తేడా కనిపించదు. కృష్ణగిరి జిల్లాలోని తెలుగు కుటుంబం పేరును తమిళ పత్రం చూసి తెలుగులో కొట్టాలంటే ఆ పత్రం ఒక్కటే చాలదు. పాత తెలుగు కాగితమో, ఇంగ్లిషు ధ్రువపత్రమో పక్కన ఉండాలి.

ఒడియా, మరాఠీలది ఇంకో రకం. ఆ లిపుల్లో ఎ, ఏలకు వేర్వేరు గుర్తులు లేవు. ఒ, ఓలకూ లేవు. కొండయ్య కోండయ్య అవుతాడు, ఎల్లయ్య ఏల్లయ్య అవుతాడు. తరాల కిందట తెలంగాణ నుంచి సోలాపూర్ వెళ్లి మగ్గాలు పెట్టుకున్న పద్మశాలి కుటుంబాల పేర్లలో, ఇంటిపేర్లలో ఈ తేడా ఊరికే దొర్లుతుంది. మరాఠీ కాగితంలో దేవనాగరి అంకెలుంటే 1, 9 చూపుకి దగ్గరగా ఉంటాయి. సర్వే నంబరులో ఆ అంకె మారితే పొలమే మారిపోతుంది.

కన్నడంలో ఈ బాధ లేదు. తెలుగులో ఉన్న అచ్చులు, హల్లులు దాదాపు అన్నీ అక్కడా ఉన్నాయి. అక్షరాల రూపమూ దగ్గరిదే. ఆ దగ్గరతనమే ఒక్కోసారి మోసం చేస్తుంది. కర్ణాటక అన్న మాటనే తీసుకోండి. తెలుగులో ‘ర్’ ముందు రాసి కింద ణ ఒత్తు పెడతాం. కన్నడంలో ‘నా’ ముందు రాసి ఆ తర్వాత అర్కావత్తు పెడతారు. రెండూ చదవడం వచ్చినవాడు కూడా వేగంగా కొట్టేటప్పుడు తడబడతాడు. దీనికి తోడు ఊళ్ల పేర్ల ఇంగ్లిషు స్పెల్లింగులు. 2014లో కర్ణాటక ప్రభుత్వం బళ్లారితో సహా పలు ఊళ్ల ఇంగ్లిషు స్పెల్లింగు మార్చింది. తండ్రి సర్టిఫికెట్‌లో పాతది, కొడుకు సర్టిఫికెట్‌లో కొత్తది ఉంటాయి.

యానాంలో పాలన పుదుచ్చేరిది, వాడుక తెలుగుది. అక్కడ ఇంగ్లిషు, తెలుగు కాగితాలు రెండూ తప్పవు. ఇలాంటి పని ఎక్కడున్నా చూసేది ఒక పక్క, కొట్టేది ఇంకో పక్క ఉంటేనే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

ముందు వెనకవైపు చూడండి

మానిటర్ కొనేముందు, కేబుల్ కొనేముందు చేయాల్సిన పని ఒకటుంది. సీపీయూ బాక్సును తిప్పి వెనక ఏ పోర్టులున్నాయో చూడాలి. మానిటర్ వెనకా చూడాలి. సెల్‌ఫోన్‌తో రెండింటికీ ఫొటో తీసుకుని దుకాణానికి వెళితే సగం పని అయిపోయినట్టే.

సాధారణంగా కనిపించేవి అయిదు రకాలు.

వీజీఏ: నీలం రంగు, మూడు వరసల్లో 15 పిన్నులు, రెండు పక్కలా బిగించే మరలు. ఐబీఎం 1987లో తెచ్చింది. ఇది పాత పద్ధతి, అనలాగ్ సిగ్నల్. శబ్దం వెళ్లదు.

డీవీఐ: ఎక్కువగా తెలుపు రంగు, వీజీఏ కంటే వెడల్పు. 1999లో వచ్చింది. పాత గ్రాఫిక్స్ కార్డుల మీద, ఆఫీసుల్లో వాడి వదిలేసిన మానిటర్ల మీద కనిపిస్తుంది.

హెచ్‌డీఎంఐ: టీవీకి, సెట్‌టాప్ బాక్సుకి వాడేది. అందరికీ తెలిసిందే. 2002 చివర్లో వచ్చింది. బొమ్మ, శబ్దం రెండూ ఒకే కేబుల్‌లో వెళ్తాయి.

డిస్‌ప్లేపోర్ట్: చూడ్డానికి హెచ్‌డీఎంఐలాగే ఉంటుంది గానీ ఒక మూల మాత్రమే కోసినట్టుంటుంది. 2006 నుంచి ఉంది. కంపెనీలు వాడి అమ్మేసిన కంప్యూటర్లలో రెండేసి ఉంటాయి.

టైప్-సి: కొత్త సెల్‌ఫోన్ ఛార్జర్ పిన్నులాంటిది. కొత్త ల్యాప్‌టాప్‌లలో ఉంటుంది. దీని సంగతి వేరే చెప్పుకోవాలి.

కంప్యూటర్‌కీ, మానిటర్‌కీ ఒకే రకం పోర్టులుంటే అదే రకం కేబుల్ తెచ్చి తగిలిస్తే సరి. చాలా డెస్క్‌టాప్‌ల మదర్‌బోర్డు మీద వీజీఏ ఒకటి, హెచ్‌డీఎంఐ ఒకటి పక్కపక్కనే ఉంటాయి. మొదటి మానిటర్ వీజీఏకి, రెండోది హెచ్‌డీఎంఐకి పెడితే చాలామటుకు రెండూ ఒకేసారి పనిచేస్తాయి. కొత్తగా ఏ కార్డూ కొనక్కర్లేదు.

కన్వర్టర్‌కి దిక్కు ఉంటుంది

డబ్బు దండగయ్యేది ఇక్కడే. కంప్యూటర్‌కి హెచ్‌డీఎంఐ ఉండి, పాత మానిటర్‌కి వీజీఏ మాత్రమే ఉంటే ‘హెచ్‌డీఎంఐ టు వీజీఏ’ కన్వర్టర్ కావాలి. కంప్యూటర్‌కి వీజీఏ ఒక్కటే ఉండి, మానిటర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే ‘వీజీఏ టు హెచ్‌డీఎంఐ’ కావాలి. రెండూ చూపుకి ఒకేలా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకోటి పనిచేయదు. దుకాణంలో అడిగేటప్పుడు ‘కంప్యూటర్ వైపు ఇది, మానిటర్ వైపు ఇది’ అని విడమరిచి చెప్పాలి.

కన్వర్టర్ లోపల చిన్న చిప్ ఉంటుంది. దానికి కరెంటు కావాలి. వీజీఏ నుంచి హెచ్‌డీఎంఐకి మార్చేవాటికి సాధారణంగా ఒక యూఎస్‌బీ తోక వేలాడుతూ ఉంటుంది. దాన్ని సీపీయూకి తగిలించకపోతే తెర వెలగదు. రెండు కొసల్లో రెండు రకాల పిన్నులు ఉండి మధ్యలో ఏమీ లేని ఉత్త వైరు ‘వీజీఏ–హెచ్‌డీఎంఐ కేబుల్’ పేరుతో చవగ్గా దొరికినా కొనకూడదు. అనలాగ్‌ని డిజిటల్‌గా మార్చే చిప్ లేకుండా అది పనిచేయదు.

డీవీఐ నుంచి హెచ్‌డీఎంఐకి మాత్రం ఈ గొడవ లేదు. రెండూ డిజిటలే కాబట్టి మామూలు కేబుల్ చాలు. డిస్‌ప్లేపోర్ట్ ఉన్న కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ మానిటర్‌కి కూడా చవక కేబుల్ ఎక్కువసార్లు పనిచేస్తుంది. అదే కేబుల్‌ని తిరగేసి హెచ్‌డీఎంఐ కంప్యూటర్ నుంచి డిస్‌ప్లేపోర్ట్ మానిటర్‌కి పెడితే వెలగదు. దానికి వేరే కన్వర్టర్ ఉంటుంది.

ఇంకో మాట. ఒక వీజీఏని రెండుగా చీల్చే ‘వై’ కేబుల్, హెచ్‌డీఎంఐ స్ప్లిటర్ అని దొరుకుతాయి. వాటితో రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. టీవీ షోరూంలో వరసగా ఒకే సినిమా ఆడినట్టు. రెండు భాషల పనికి అది ఉపయోగపడదు. వేర్వేరు పేజీలు కనిపించాలంటే కంప్యూటర్‌కే రెండు పోర్టులుండాలి.

పోర్టు ఒకటే ఉంటే?

పాత డెస్క్‌టాప్‌కి వీజీఏ ఒక్కటే ఉంటే రెండు దారులున్నాయి. మదర్‌బోర్డు మీద పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాటు ఖాళీగా ఉంటే రెండు మూడు పోర్టులున్న చిన్న గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకోవచ్చు. పాతది దొరికినా చాలు. అక్షరాల పనికి పెద్ద కార్డు అక్కర్లేదు. క్యాబినెట్ సన్నగా ఉంటే ‘లో ప్రొఫైల్’ కార్డు అడగాలి.

రెండోది యూఎస్‌బీ డిస్‌ప్లే అడాప్టర్. మామూలు యూఎస్‌బీ పోర్టు తనంతట తాను మానిటర్‌కి బొమ్మ పంపలేదు. ఈ అడాప్టర్‌లో చిప్ ఉంటుంది, దానికి డ్రైవర్ వేసుకోవాలి. టైపు పనికి, పీడీఎఫ్ చూడటానికి బాగానే ఉంటుంది. సినిమాలకి, ఆటలకి అంతగా నప్పదు.

కార్డు ఉంటే రెండూ కార్డుకే

గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్‌లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. మొదటి మానిటర్ కార్డుకి ఉంటుంది. రెండోదాన్ని పైన ఖాళీగా కనిపించిన మదర్‌బోర్డు పోర్టుకి పెడతారు. తెర నల్లగానే ఉంటుంది. కార్డు పెట్టగానే చాలా కంప్యూటర్లు మదర్‌బోర్డు పోర్టును తమంతట తామే ఆపేస్తాయి. బయోస్‌లోకి వెళ్లి దాన్ని తెరవచ్చు గానీ, కార్డుకి రెండో పోర్టు ఉంటే అటు పెట్టడమే సులువు. ఇంటెల్ ప్రాసెసర్ నంబరు చివర ‘ఎఫ్’ అని ఉంటే అసలు అందులో గ్రాఫిక్స్ ఉండదు. మదర్‌బోర్డు మీద పోర్టు ఉన్నా అది అలంకారమే.

వెనక ఏది కార్డో, ఏది మదర్‌బోర్డో గుర్తుపట్టడం కష్టం కాదు. యూఎస్‌బీ, కీబోర్డు, నెట్ కేబుల్ పోర్టుల గుంపులో ఉండేది మదర్‌బోర్డుది. మామూలు నిలువు క్యాబినెట్‌లో కిందుగా విడిగా అడ్డంగా ఉండేది కార్డుది.

ల్యాప్‌టాప్‌ల తీరు

హోసూరు నుంచి బెంగళూరు కంపెనీలకు ఇంటి దగ్గర నుంచే పనిచేసే కుర్రాళ్లకు ల్యాప్‌టాప్ పక్కన మానిటర్ తప్పనిసరి సరంజామా అయింది. హెచ్‌డీఎంఐ ఉంటే నేరుగా తగిలించడమే. టైప్-సి ఒక్కటే ఉంటే జాగ్రత్త పడాలి. పిన్ను ఒకేలా ఉన్నా అన్ని టైప్-సి పోర్టులూ బొమ్మను పంపవు. కొన్ని ఛార్జింగుకి, డేటాకి మాత్రమే. పోర్టు పక్కన డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ, పిడుగు ఆకారంలోని థండర్‌బోల్ట్ గుర్తు గానీ ఉంటే మానిటర్‌కి పనికొస్తుంది. గుర్తేమీ లేకపోతే మోడల్ నంబరు కొట్టి కంపెనీ వివరాల్లో చూసుకుని కొనాలి. కేబుల్ కూడా అంతే. సెల్‌ఫోన్‌తో వచ్చే ఛార్జింగ్ వైరు చాలావరకు బొమ్మను మోయదు.

యాపిల్ ల్యాప్‌టాప్ కొనేవాళ్లు ఇంకోటి గమనించాలి. 2020లో వచ్చిన ఎం1 మ్యాక్‌బుక్ ఎయిర్ నేరుగా ఒక్క బయటి మానిటర్‌నే నడుపుతుంది. 2024 నాటి ఎం3 ఎయిర్‌కి రెండు పెట్టొచ్చు గానీ ల్యాప్‌టాప్ మూత మూయాలి. 2025లో వచ్చిన ఎం4 ఎయిర్‌తో ఆ షరతు పోయింది.

‘పి’ నొక్కితే నాలుగు దారులు

తగిలించాక కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీట పట్టుకుని ‘పి’ నొక్కాలి. విండోస్ 7 నుంచి ఈ సదుపాయం ఉంది. నాలుగు వరసలు వస్తాయి. మొదటిది ఒక్క పాత తెర మాత్రమే. రెండోది ‘డూప్లికేట్’, రెండింటి మీదా ఒకే బొమ్మ. మూడోది ‘ఎక్స్‌టెండ్’, రెండు తెరలూ కలిసి ఒక పెద్ద బల్లలా. నాలుగోది రెండో తెర మాత్రమే. మనకి కావాల్సింది మూడోది.

తర్వాత డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ కొట్టి ‘డిస్‌ప్లే సెట్టింగ్స్’ తెరవాలి. 1, 2 అంకెలతో రెండు పెట్టెలు కనిపిస్తాయి. ‘ఐడెంటిఫై’ నొక్కితే ఏ తెర ఏ అంకెదో వాటి మీదే పడుతుంది. బల్ల మీద మానిటర్ ఎడమపక్క ఉంటే ఆ పెట్టెనీ మౌసుతో లాగి ఎడమపక్క పెట్టాలి. ఇది చేయకపోతే మౌసు కుడివైపు తోస్తే ఎడమ తెర మీద తేలుతుంది. పెట్టెల పై అంచులు కూడా బల్ల మీద ఉన్నట్టే సర్దుకుంటే మౌసు మధ్యలో గోడ తగిలినట్టు ఆగిపోదు. ఎక్కువ పని జరిగే తెరను ఎంచి ‘మేక్ దిస్ మై మెయిన్ డిస్‌ప్లే’కి టిక్కు పెట్టాలి.

విండోను ఒక తెర నుంచి ఇంకోదానికి మౌసుతో లాగొచ్చు. విండోస్, షిఫ్ట్ మీటలు పట్టుకుని బాణం మీట కొట్టినా గెంతుతుంది. అసలు కాగితం స్కాన్ ఒక తెర నిండా, టైపు చేసే పేజీ ఇంకో తెర నిండా.. ఇక మధ్యలో మూసేది, తెరిచేది ఉండదు.

పేరు చూసుకోవాల్సింది పేరున్నవాళ్లే

ఆపరేటర్ కుర్చీ వెనక నిలబడి మెడ సాచి ‘అన్నా, ఆ దీర్ఘం చూడు’ అనేవాళ్లు లేని డీటీపీ షాపు ఉండదు. రెండో తెరను కౌంటరు వైపు తిప్పి పెడితే వాళ్లే కూర్చుని తాపీగా చదువుకుంటారు. ఇంటిపేరు ఎలా రాస్తారో, తాత పేరు చివర ‘య్య’నో ‘ప్ప’నో వాళ్లకు తెలిసినంత ఆపరేటర్‌కి తెలియదు. ప్రింటు తీశాక దిద్దడం కంటే, దరఖాస్తు పంపేశాక పశ్చాత్తాపపడటం కంటే ఇది మేలు.

అయితే ఇక్కడ ‘డూప్లికేట్’ పెట్టకూడదు. అది పెడితే మన తెర మీద ఉన్నదంతా కౌంటరు అవతల కనిపిస్తుంది. ముందు వచ్చినాయన ఆధార్ నంబరు, ఇంకొకరి బ్యాంకు వివరాలు, వాట్సప్‌లో వచ్చిన ఫొటోలు అన్నీ బయటపడతాయి. ‘ఎక్స్‌టెండ్’లోనే ఉంచి, చూపించాల్సిన ఆ ఒక్క పేజీని అటు తెర మీదకి లాగాలి. చూసుకున్నాక వెనక్కి లాగేయాలి. రెండో తెర మీద ఫైళ్ల ఐకాన్లు పెట్టుకోకపోవడం మంచిది.

ఒత్తులు కనపడాలంటే

ఇంగ్లిషు అక్షరం చిన్నగా ఉన్నా చదవొచ్చు. తెలుగు, కన్నడం అలా కాదు. అక్షరం కింద ఒత్తు, పైన గుడి, పక్కన కొమ్ము ఉంటాయి. చుక్కలు చాలకపోతే అవన్నీ కలిసి ముద్దవుతాయి. అందుకే మానిటర్ ఎంత పెద్దదని కాదు, అంగుళానికి ఎన్ని చుక్కలని చూడాలి. 1920×1080 రిజల్యూషన్‌లో 21.5 అంగుళాల తెరకి అంగుళానికి సుమారు 102 చుక్కలు వస్తాయి. 24 అంగుళాలకి 92, 27 అంగుళాలకి 82. అంటే అదే రిజల్యూషన్‌తో పెద్ద మానిటర్ కొంటే అక్షరం పెద్దదవుతుంది గానీ నునుపు తగ్గుతుంది. 27 అంగుళాలు కావాలనుకుంటే 2560×1440 చూడటం మంచిది.

డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ ఎదురుగా ‘రికమెండెడ్’ అని ఉన్నదే పెట్టాలి. అక్షరాలు చిన్నగా అనిపిస్తే రిజల్యూషన్ తగ్గించకూడదు, తగ్గిస్తే మసకబారుతుంది. దాని పక్కనే ఉండే ‘స్కేల్’ని 125 శాతమో, 150 శాతమో చేసుకోవాలి. ల్యాప్‌టాప్ తెరకి ఒకటి, బయటి మానిటర్‌కి ఇంకొకటి పెట్టుకోవచ్చు. స్టార్ట్ మెనూలో ‘క్లియర్‌టైప్’ అని వెతికితే అక్షరాల నునుపు సరిచేసే పరికరం వస్తుంది. అది ఒక్కో తెరకి విడివిడిగా అడుగుతుంది.

వీజీఏ కేబుల్ మీద అక్షరం చుట్టూ నీడలా ఉంటే మానిటర్ కింద ఉన్న ‘ఆటో’ మీట నొక్కాలి. కేబుల్ మరీ పొడవుంటే పొట్టిది మార్చాలి. రెండు పోర్టులూ ఉన్న మానిటర్ అయితే హెచ్‌డీఎంఐకే ఓటు.

పేజ్‌మేకర్ పెట్టె మాయమైతే

సరిహద్దు పట్టణాల్లో ఇప్పటికీ అను ఫాంట్లు, నుడి, శ్రీలిపి లాంటివి, వాటితో పాటు పాత పేజ్‌మేకర్ వాడే షాపులున్నాయి. అడోబీ పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. ఇలాంటి పాత సాఫ్ట్‌వేర్లకి ‘స్కేల్’ సంగతి తెలియదు. 125 శాతం పెడితే అక్షరాలు మసకగానో, మెనూలు బుల్లిగానో కనిపించొచ్చు. ఇలాంటప్పుడు పేజ్‌మేకర్ నడిపే తెరకి స్కేల్ 100 శాతం ఉంచి, పేజీని జూమ్ చేసుకోవడమే తేలిక.

రెండో తెరతో లాభమూ ఉంది. టూల్‌బాక్సు, రంగుల పెట్టె, స్టైల్స్ లాంటి చిన్న పెట్టెల్ని అటు తోసేస్తే పేజీ నిండుగా కనిపిస్తుంది. అయితే ఏ రోజైనా రెండో మానిటర్ తీసేస్తే ఆ పెట్టెలు కనిపించకుండా పోవచ్చు. సాఫ్ట్‌వేర్ వాటిని లేని తెర మీదే తెరుస్తుంది. కంగారుపడి మళ్లీ ఇన్‌స్టాల్ చేయనక్కర్లేదు. విండో మొత్తం కనిపించకపోతే ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కి, ‘ఎం’ కొట్టి, బాణం మీట ఒకసారి నొక్కి మౌసు కదిపితే విండో దానితోపాటే వచ్చేస్తుంది. చిన్న పెట్టెలే పోతే రెండో మానిటర్ తిరిగి తగిలించి, వాటిని ఇటు లాక్కుని, సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే సరి.

పాతది కొంటే..

కంపెనీలు వదిలించుకున్న 17, 19 అంగుళాల చదరపు ఎల్‌సీడీలు పాత సామాన్ల దుకాణాల్లో దొరుకుతాయి. వాటి రిజల్యూషన్ 1280×1024. సినిమాకి బాగోవు గానీ ఏ4 కాగితం చూసుకోవడానికి అక్కరకొస్తాయి. కొనేముందు తెల్ల పేజీ, నల్ల పేజీ పెట్టి చూడాలి. తెల్లదాంట్లో నల్ల చుక్కలు, పసుపు మరకలు, నల్లదాంట్లో వెలుగు చుక్కలు కనిపిస్తే వద్దు. పావుగంట వెలిగించి ఉంచాలి. లోపలి దీపం బలహీనమైతే ఆలోపే మినుకుమంటుంది.

వెనక బుర్ర ఉన్న పాత సీఆర్‌టీ మానిటర్లు మాత్రం వద్దు. కరెంటు ఎక్కువ తాగుతాయి. గాజులో సీసం ఉంటుంది కాబట్టి పగలగొట్టి చెత్తలో పారేయడమూ ప్రమాదమే. ఈ-వ్యర్థాలు తీసుకునే అధీకృత కేంద్రానికే ఇవ్వాలి.

కరెంటు.. మెడ

22 అంగుళాల ఎల్ఈడీ మానిటర్ తీసుకునేది 20, 25 వాట్లే. అయినా యూపీఎస్ బ్యాటరీ పాతదైతే ఆ కాస్తా భారమే. కరెంటు పోయినప్పుడు సీపీయూ, ప్రధాన తెర నిలిస్తే చాలు, ఫైలు సేవ్ అవుతుంది. రెండో తెరను యూపీఎస్ వెనక కాకుండా మామూలు ప్లగ్గుకి పెట్టొచ్చు. ప్రింటర్‌ని, ముఖ్యంగా లేజర్‌ది, యూపీఎస్‌కి తగిలించకూడదు. సీపీయూని, మానిటర్‌ని ముట్టుకుంటే చిమచిమలాడితే ఎర్తింగ్ లేనట్టే. కేబుల్ పెట్టడం ఆపి ముందు ఎలక్ట్రీషియన్‌ని పిలవాలి.

తెర పై అంచు కంటి ఎత్తుకో, కాస్త కిందకో ఉండాలి. చేయి చాపితే అందేంత దూరం చాలు. రెండు తెరల్నీ సమానంగా వాడితే మధ్య అంచు ముక్కుకి ఎదురుగా రావాలి. ఒకదాన్నే ఎక్కువ చూస్తే అది ఎదురుగా, రెండోది పక్కన కొంచెం వాలుగా పెట్టుకోవాలి. లేకపోతే సాయంత్రానికి మెడ పట్టేస్తుంది. రెండింటి వెలుతురూ ఒకేలా ఉంచితే కళ్లకి శ్రమ తగ్గుతుంది. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరంలో ఉన్నదేదైనా 20 సెకన్లు చూడాలన్న కంటి డాక్టర్ల లెక్క డీటీపీ వాళ్లకి సరిగ్గా సరిపోతుంది.

‘నో సిగ్నల్’ అంటే.. ఈ వరసలో చూడండి

1. మానిటర్ కింద దీపం వెలుగుతోందా? లేకపోతే కరెంటు వైరు ఊడింది.

2. మానిటర్ మీట నొక్కి ‘ఇన్‌పుట్’ లేదా ‘సోర్స్’ చూడండి. హెచ్‌డీఎంఐకి తగిలించి వీజీఏ మీద ఉంచితే బొమ్మ రాదు.

3. కేబుల్ రెండు కొసలూ తీసి మళ్లీ గట్టిగా పెట్టండి. వీజీఏ పిన్నులు వంగాయేమో చూడండి.

4. గ్రాఫిక్స్ కార్డు ఉంటే కేబుల్ దానికే ఉందా?

5. కన్వర్టర్ దిక్కు సరిగ్గా ఉందా? యూఎస్‌బీ తోక తగిలించారా?

6. విండోస్ మీటతో ‘పి’ నొక్కి ‘ఎక్స్‌టెండ్’ ఎంచండి.

7. పనిచేస్తున్న మొదటి మానిటర్ కేబుల్‌నే రెండోదానికి పెట్టి చూడండి. అప్పుడు వెలిగితే మానిటర్ మంచిదే, తప్పు కేబుల్‌దో పోర్టుదో.

8. అన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ కొత్తది వేసుకుని కంప్యూటర్ ఆపి తెరవండి.